కీపుకాకి తెలుగేది?

హవాయి మాటల్ని ఇంగ్లిష్ దారిన కాకుండా నేరుగా మన అక్షరాల్లో రాసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ఆ భాషలో అచ్చులు ఐదు. ఐదింటికీ కురచా పొడుగూ ఉన్నాయి. ఎ-ఏ, ఒ-ఓ తేడాతో సహా ఆ పదింటికీ తెలుగులో విడివిడిగా అక్షరాలున్నాయి. ఇంగ్లిష్‌లో అయితే పొడుగు అచ్చు నెత్తిన గీత పెట్టాలి; ఆ గీతని పటాలు అచ్చేసేవాళ్ళు చాలాకాలం ఎగ్గొట్టారు. పైగా అక్కడ ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. మనం ‘అజంత భాష’ అని మురిసిపోయే గుణాన్ని మనకంటే నిష్ఠగా పాటించే భాష పసిఫిక్ మధ్యలో ఉందన్నమాట. ఒక్కచోట మాత్రం మన లిపి చేతులెత్తేస్తుంది. గొంతు చటుక్కున మూసి తెరిచే ధ్వని వాళ్ళకి ఒక హల్లు, పేరు ఒకినా. దానికి మన దగ్గర అక్షరం లేదు. అచ్చు పక్కన అచ్చు రాసి, మధ్యలో ఊపిరి బిగపట్టమని చదివేవాళ్ళకి చెప్పుకోవాలి.

అలా రాస్తే, ముళ్ళలా గరుకుగా గడ్డకట్టే లావాకి వాళ్ళ పేరు ‘అఆ’. మన బాలశిక్ష మొదటి రెండక్షరాలు! ఉత్తకాళ్ళతో దాని మీద నడిచినవాళ్ళు పెట్టిన కేకే పేరైపోయిందని గైడ్లు నవ్వించడానికి చెబుతారు. నిజానికి ఆ మాటకి మండు, జ్వలించు అని అర్థం ముందే ఉంది. నున్నగా, మడతలు మడతలుగా పారి ఆరే లావా ‘పాహొఎహొఎ’. 1880ల్లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ ఈ రెండు మాటల్నీ తన రాతల్లో పారిభాషిక పదాలుగా వాడాడు. అప్పట్నుంచి ఎట్నా లావాకైనా ఐస్‌లాండ్ లావాకైనా ప్రపంచమంతా ఇవే పేర్లు. పొరుగువాడి మాట ఎరువు తెచ్చుకోవడం శాస్త్రానికి నామోషీ కాదు. కొత్త పదం కావాల్సినప్పుడల్లా సంస్కృత ధాతువుల కోసం వెతుక్కునే మన పాఠ్యపుస్తకాల వాళ్ళు ఒకసారి ఇటు చూడొచ్చు.

ఇక్కడ మాట్లాడుకోదల్చింది మూడో మాట గురించి. కీపుకా.

అగ్నిపర్వతాల జాతీయ వనం హవాయి దీవుల్లోకెల్లా పెద్ద దీవిలో ఉంది. 1916లో ఏర్పాటు చేశారు. కీలఉఎఅ, మౌన లొఅ అనే రెండు సజీవ అగ్నిపర్వతాలు దాని హద్దుల్లో ఉన్నాయి. జనం వెళ్ళేది నిప్పు చూడ్డానికే. కీలఉఎఅ శిఖరం మీది హలెమఉమఉ గుంటలో 2024 డిసెంబరులో మొదలైన విస్ఫోటనం ఆగుతూ రేగుతూ, నెలల తరబడి లావాని ఆకాశంలోకి చిమ్మింది. అది పెలె అనే దేవత ఇల్లని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ గుంట అంచున కార్లు ఆపుకోవడానికి చోటుండదు. అక్కడికి కాస్త దూరంలో మౌన లొఅ వైపు వెళ్ళే ఇరుకు రోడ్డు మీద ‘కీపుకా పుఅఉలు’ అని ఒక బోర్డుంటుంది. రెండు కిలోమీటర్లకి లోపే తిరిగి మొదటికొచ్చే కాలిబాట. నిప్పు చూసినవాళ్ళలో ఇక్కడికి మళ్ళేవాళ్ళు కొద్దిమంది. నన్నడిగితే ఆ వనం చెప్పే సంగతిలో సగం ఇక్కడే ఉంది.

లావా పల్లానికి పారుతుంది. దారిలో కాస్త మెరక తగిలితే రెండు పాయలుగా చీలి, కిందికెళ్ళి మళ్ళీ కలుస్తుంది. మధ్యలో మిగిలిపోయిన నేల, దాని మీది అడవి, కీపుకా. చుట్టూ ఉన్న రాయి వయసు కొన్ని వందల ఏళ్ళు కావచ్చు, కొన్ని నెలలే కావచ్చు. లోపలి మట్టి మాత్రం దానికంటే ఎప్పుడూ పాతదే. కీపుకా పుఅఉలులో ఆ మట్టి చాలా లోతు. వెనకటి విస్ఫోటనాల బూడిద పడి పడి ఏర్పడింది. అందుకే బయట గిడసబారిన చెట్లు లోపల మానులై కనిపిస్తాయి. ఓహిఅ, కొఅ, మానెలె. ఈ మూడోది మనకి పరాయిది కాదు. మానెలె అంటే కుంకుడు ప్రజాతి చెట్టు, మన కుంకుడికి చుట్టం. అంత మహాసముద్రం దాటి, మండే కొండ పక్కన, నురగ వచ్చే కాయల చెట్టు కింద నిలబడితే ఆదివారం తలంటు గుర్తొస్తే తప్పేం లేదు. అక్కడివాళ్ళు నల్లటి ఆ గింజల్ని దండలు గుచ్చుకుంటారు.

అదే కీపుకాలో 1911లో ఒక చెట్టు దొరికింది. దాని జాతిలో అప్పటికి తెలిసిన చెట్టు అదొక్కటే. అక్కడివాళ్ళు హౌ కుఅహివి అంటారు. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ రాక్ దాని ప్రజాతికి పెట్టిన లాటిన్ పేరు హిబిస్కడెల్ఫస్, అంటే మందారానికి తోబుట్టువు. దాని పువ్వు చూస్తే మందార మొగ్గలానే ఉంటుంది, కానీ రెక్కలు పూర్తిగా విచ్చుకోవు. గొట్టంలా వంగి, వంకర ముక్కున్న తేనెపిట్టలకి అనువుగా ఉంటుంది. 1930లో ఆ ఒక్క చెట్టూ చచ్చిపోయింది. అయితే వాల్టర్ గిఫర్డ్ అనే ఆయన అంతకుముందే దాన్నుంచి మొక్కలు పెంచి ఉంచాడు. వాటి సంతానాన్ని తెచ్చి మళ్ళీ ఇక్కడే నాటారు. జాతి పేరులో రెండో సగం ఆయనదే.

మేరీ కవెనా పుకుయి, శామ్యూల్ ఎల్బర్ట్ కలిసి కూర్చిన హవాయి నిఘంటువులో కీపుకా దగ్గర లావా ఒక్కటే లేదు. పోటెత్తిన సముద్రంలో కాస్త నిమ్మళంగా ఉన్న చోటు కీపుకా. తిప్పల మధ్య లోతున్న చోటు కీపుకా. అడవిలో చెట్లు విడిచిన జాగా, మబ్బుల్లో విచ్చిన సందు, ఇవీ కీపుకాలే. ఇంకా చదివితే తల దూర్చి వేసుకునే పొట్టి భుజకోటు, ఉచ్చుముడి అన్న అర్థాలూ కనిపిస్తాయి. వీటన్నిటినీ కలిపేది పుకా అనే మాట. పుకా అంటే బెజ్జం, వాకిలి. 1970ల్లో అమెరికా కుర్రకారు మెళ్ళో వేసుకు తిరిగిన పుకా గవ్వల దండలు ఆ బెజ్జం పేరుతో వచ్చినవే. పుకా క్రియ కూడా. దూరి అవతలికి రావడం, బయటపడడం, సూర్యుడు ఉదయించడం. ఇది చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది మన ‘పొడుచు’. సూదితో పొడిచినా బెజ్జమే. పొద్దు పొడిచినా అదే క్రియ. ఈ రెండు భాషలకీ చుట్టరికం ఉందని ఎవరూ అనుకోనక్కర్లేదు. చీకటికి చిల్లు పెట్టుకుని వెలుగు బయటికొస్తుందన్న చూపు రెండు చోట్లా విడివిడిగా పుట్టింది, అంతే.

ఇప్పుడు అసలు చిక్కు. దీన్ని తెలుగులో ఏమనాలి?

ఇంగ్లిష్ పుస్తకాలు చాలావరకు కీపుకాని దీవితో పోలుస్తాయి. దాన్ని పట్టుకుని తెలుగు చేసేవాడికి ముందు తట్టేది ‘లంక’. గోదావరి మధ్య పచ్చగా కనిపించే లంకలు కళ్ళ ముందు మెదులుతాయి. కానీ లంకని చేసేది ఏరే. వరద తెచ్చిన ఒండ్రు మేటవేసి లంక అవుతుంది. పారేది పోసిన నేల అది, ఒడ్డుకంటే చిన్నది. కీపుకా పారేది పోసింది కాదు, ముట్టకుండా వదిలేసింది. వయసులో చుట్టూ ఉన్నదానికి పెద్దది. పోలికలో బొమ్మ కుదిరింది గానీ పుట్టుక తలకిందులైంది. ‘దీవి’ అన్నా ఇబ్బందే. దీవి అనగానే ముఖ్యం నేల, నీళ్ళు చుట్టుపక్కల సరుకు. హవాయివాడి చూపులో గుడ్డ లావాది, అడవి అందులో పడిన బెజ్జం. నల్లరాతి మైదానం మీద నిలబడి చూసినవాడికే ఈ మాట పుడుతుంది.

నేను ఎంచుకునేది ‘తెరిపి’.

వాన తెరిపిచ్చింది అంటాం. తెరిపి లేని వాన అంటాం. జబ్బుమనిషి కాస్త తెరిపిన పడ్డాడంటాం. మాట మొదట్లో ‘తెరుచు’ ఉంది. పాత వర్ణక్రమంలో బండి రతో తెఱపి. ఎడం, ఖాళీ జాగా అన్న అర్థాలు పాత నిఘంటువుల్లో ఉన్నాయి. వాడుకలో చోటు అర్థం అరిగిపోయి కాలం అర్థం మిగిలింది. మబ్బు విచ్చిన సందుని కీపుకా అన్నవాడికీ, మబ్బు విచ్చిన ఆ అరగంటని తెరిపి అన్నవాడికీ మధ్య దూరం పెద్దగా లేదు. ఇంకో లాభం ఉంది. లంక, దీవి, ఒయాసిస్ అనే మాటల్లో నిలకడ ఉంది. తెరిపి అన్నప్పుడు వాన మళ్ళీ పట్టుకోవచ్చని ఇద్దరికీ తెలుసు. అందుకే గబగబా బట్టలు ఆరేస్తాం. సజీవ అగ్నిపర్వతం ఒళ్ళో ఉన్న అడవికి ఆ ధ్వని ఉన్న మాటే కావాలి. ఈసారి పక్కనుంచి పోయిన లావా వచ్చేసారి మీదుగా పోవచ్చు.

ఆ తెరిపిలో అడవి ఊరికే కూర్చోదు. చుట్టూ గడ్డకట్టిన లావా మీద ముందు శిలావల్కాలు, పగుళ్ళలో ఫెర్న్‌లు, వాటి వెంట ఓహిఅ మొలుస్తాయి. ఓహిఅ గింజలు నలుసంత తేలిక, గాలికి కొట్టుకొస్తాయి. అగ్నిపర్వతపు ఘాటు పొగలు కమ్మితే ఆ చెట్టు ఆకుల్లోని రంధ్రాలు మూసుకుని ఓర్చుకోగలదు. కొత్త రాతికి విత్తు, పురుగు, పిట్ట కీపుకాలోంచే వెళ్తాయి. వాకిలి అన్న అర్థం ఇక్కడ అక్షరాలా నిజం. హాంప్టన్ కార్సన్ అనే జన్యుశాస్త్రవేత్త కీపుకాల్లోని పండ్ల ఈగల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. లావా మధ్య ఒంటరిగా చిక్కిన చిన్న గుంపులు తరాలు గడిచేకొద్దీ వేరుగా మారడం, ఒకచోట గుంపు నశిస్తే పక్క కీపుకాలోంచి మళ్ళీ వచ్చి చేరడం, ఆయన దృష్టి దీని మీద. హవాయి దీవుల్లో ఆ ఈగలు వందల జాతులుగా విడిపోయిన కథలో కీపుకాలకి భాగం ఉందని ఆయన వాదం. ఆ మాట ఆ తర్వాత భూమి కూడా దాటింది. చంద్రుడి మీద పాత లావా మైదానాల్లో మునగకుండా మిగిలిన మెరకల్ని గ్రహశాస్త్రవేత్తలు కీపుకాలే అంటారు. అక్కడ గడ్డిపోచ మొలవదు, అది వేరే సంగతి.

నిప్పు తప్పించుకున్న అడవికి అసలు గండం వేరేచోట నుంచి వచ్చింది. కీపుకా పుఅఉలు బాట మీద చాలా తరచుగా ఎదురయ్యేది నల్లగా నిగనిగలాడే కాలిజ్ కోడి. హిమాలయాల అడవికోడి, కాలిజ్ అన్న పేరూ అటుదే. 1962లో వేట సరదా కోసం ఈ దీవికి తెచ్చి వదిలారు. బెదురు లేకుండా బాట మీద తచ్చాడుతూ ఉంటే పర్యాటకులు స్థానిక పిట్టే అనుకుని ఫోటోలు తీసుకుంటారు. స్థానిక పిట్టలు పైన ఉంటాయి. ఓహిఅ ఎర్రపూల మధ్య అంతకంటే ఎర్రటి అపపనె అనే తేనెపిట్ట. ఆ తేనెపిట్టల వంశాన్ని కుదేలు చేసింది దోమ. 1826లో ఓడ నీళ్ళ పీపాల్లో వచ్చిందది. ఆ తర్వాత పిట్టల మలేరియా చేరింది. అలవాటులేని జాతులు పల్లపు అడవుల్లో తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు మిగిలినవి చాలావరకు దోమకి చలెక్కువయ్యే ఎత్తుల్లో ఉన్నాయి. వాతావరణం వేడెక్కేకొద్దీ దోమ కూడా ఎత్తుకెక్కుతోంది.

ఇక ముంగిస. చెరకుతోటల్లో ఎలుకల్ని పట్టిస్తుందని 1872లో కలకత్తా నుంచి జమైకాకి, అక్కణ్ణుంచి 1883లో 72 ముంగిసల్ని హవాయి పెద్దదీవికి తీసుకెళ్ళారు. జంతువు ఒక దారిన వెళ్తే పేరు ఇంకో దారిన వెళ్ళింది. ఇంగ్లిష్ ‘మంగూస్’ తెలుగు ముంగిస నుంచి వచ్చిందని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తేల్చింది; మరాఠీ ముంగూస్‌ని చూపించేవాళ్ళూ ఉన్నారు. ఎవరిదైనా, అది దక్కను సరుకు. హవాయి భాషలోకి వెళ్ళేసరికి అది ‘మనకుకె’ అయింది. ఆ భాషలో గకారం లేదు, సకారం లేదు, హల్లు మీద హల్లు కూడదు. మన ముంగిస అక్కడి వ్యాకరణానికి తలవంచి ప్రతి అక్షరం కింద అచ్చు తొడుక్కుంది. ప్రవర్తనలో మాత్రం తలవంచలేదు. పగలు తిరిగే ముంగిసకి రాత్రి తిరిగే ఎలుక సరిగ్గా చిక్కలేదు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు చిక్కాయి.

వాటిలో మొదటిది హవాయి బాతు. దాని పేరు నేనే. ఇంగ్లిష్‌వాళ్ళకి ఇది పలకడానికి తమాషా మాట. తెలుగువాడికి నిండు వాక్యం. గొంతులో గొణిగే దాని కూతే పేరైంది. ‘ఎవరు మిగిలారు?’ అంటే ‘నేనే’ అన్నట్టు ఉంటుంది, దాని చరిత్ర తెలిసినవాళ్ళకి మరీను. 1950 ప్రాంతంలో అడవిలో మిగిలినవి ఓ ముప్పై. కెనడా బాతు వంశంలోదే, కానీ వేళ్ళ మధ్య తోలు తగ్గిపోయింది. నీళ్ళలో ఈదడం మాని లావా మీద నడవడం నేర్చిన కాళ్ళు అవి. పిల్లల్ని సాకే రోజుల్లోనే పెద్దవాటి రెక్కల ఈకలు రాలతాయి. అంటే తల్లీతండ్రీ పిల్లలూ అందరూ కొన్ని వారాలు ఎగరలేరు. ముంగిసకి అంతకంటే ఏం కావాలి! ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌లో పీటర్ స్కాట్ బృందం పెంచిన పిల్లల్నీ, హవాయిలోనే పెంచినవాటినీ దశాబ్దాలపాటు అడవిలో వదిలారు. ముంగిస స్థిరపడని కవాయి దీవిలో అవి బాగా పెరిగాయి. 2019లో అమెరికా ప్రభుత్వం వాటిని ‘అంతరించే ప్రమాదం’ జాబితా నుంచి ఒక మెట్టు దించింది. వనం రోడ్ల మీద ‘నేనే దాటే చోటు’ అన్న బోర్డులు చూసి నవ్వుకున్నా సరే, బండి మాత్రం నెమ్మదిగా పోనివ్వాలి. తిండి అసలు పెట్టకూడదు. మనుషులు పెడతారని రోడ్డెక్కినవే చక్రాల కింద పడుతున్నాయి.

మేకల్నీ పందుల్నీ రానివ్వకుండా 1970ల నుంచి వనం చుట్టూ, కొన్ని కీపుకాల చుట్టూ కంచెలు లేచాయి. బాట మొదట్లో బూట్లు తోముకోవడానికి బ్రష్ ఉంటుంది. ఓహిఅ చెట్లని వారాల్లో ఎండగొట్టే శిలీంధ్రం ఒకటి 2014లో బయటపడింది. అది బూటు మట్టితోనూ వెళ్తుంది. 2018లో దానికి పెట్టిన లాటిన్ పేరులో ‘లుకుఓహియా’ ఉంది. లుకు అంటే హవాయి భాషలో మూకుమ్మడి నాశనం. డటన్ తర్వాత నూటముప్పై ఏళ్ళకి శాస్త్రం ఆ భాష నుంచి మళ్ళీ అప్పు తెచ్చుకుంది, ఈసారి చావు కోసం.

మన నేల సంగతి కూడా ఇక్కడ అడగాలి. దక్కను పీఠభూమి మీద సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా కీలఉఎఅ పోసిన దానికంటే చాలా చాలా ఎక్కువ. దాని పొరలు ఆదిలాబాద్, వికారాబాద్ వైపు ఉన్నాయి; పశ్చిమాన పుట్టిన లావా వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు రాళ్ళ రసాయనాన్ని బట్టి చెబుతారు. కాతేరు, గౌరీపట్నం క్వారీల నల్లరాయి అదే. ఇంత లావా మీద కాపురం చేస్తూ, గరుకు లావాకీ నున్న లావాకీ తెలుగులో పేర్లు లేవు. ‘అగ్నిపర్వతం’ పుస్తకాల్లో పుట్టిన మాట. పారుతున్నప్పుడు చూసిన మనిషే లేడు మరి. కానీ ఆ రాయి చివికి మట్టైన తర్వాత దున్నినవాడు ఉన్నాడు, వాడు ‘రేగడి’ అన్నాడు. మట్టిశాస్త్రం ఆ మాటని ‘రెగుర్’గా ఎత్తుకుపోయింది. లావా మొదటి రోజుల పేర్లు హవాయివి, చివరి రోజుల పేరు మనది.

ఇటీవల కీపుకాకి ఇంకో అర్థం తొడిగారు. దవియన్నా మెక్‌గ్రెగర్ అనే హవాయి చరిత్రకారిణి 2007లో వెలువడిన తన పుస్తకంలో, పర్యాటకం, తోటలు, సైన్యం కమ్మేసిన దీవుల్లో పాత బతుకు మిగిలిన మారుమూల ఊళ్ళని సాంస్కృతిక కీపుకాలన్నారు. ఆ భాషకీ అది సరిపోతుంది. 1896 చట్టంతో బడుల్లో హవాయి బోధన పోయింది. 1980ల మొదట్లో ఆ భాష మాట్లాడే పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. నిఇహఉ అనే చిన్న దీవిలో మాత్రం ఇళ్ళలో అది ఆగలేదు. పూనన లెఒ, అంటే మాటల గూడు, పేరుతో పసిపిల్లల బడులు మొదలైంది అప్పుడే. ఈ వాడుకని ఉపమానం అనబుద్ధి కాదు నాకు. మిగిలిన చోటు నుంచి మళ్ళీ బయటికి రావడం పుకాలో మొదట్నుంచీ ఉన్న అర్థమే.

2018 మేలో వనం హద్దుకి తూర్పున, పూనా జిల్లాలో ఇళ్ళ మధ్యనే నేల చీలి లావా ఎగజిమ్మింది. ఆగస్టు దాకా పారి సుమారు 35 చదరపు కిలోమీటర్లు కప్పేసింది. ఏడువందలకి పైగా ఇళ్ళు పోయాయి. అందులోనూ కొన్ని ఇళ్ళు, తోటలు చుట్టూ లావాతో చెక్కుచెదరకుండా మిగిలాయి. అక్కడి జనం, పత్రికలు, ప్రభుత్వం వాటిని పిలిచిన మాట కీపుకాలే. ఇల్లుంది, దారి లేదు. కొందరు గడ్డకట్టిన లావా మీద కాలినడకన వెళ్ళి చూసుకున్నారు. లావా కప్పేసిన 132వ నంబరు రోడ్డుని మళ్ళీ వేసేటప్పుడు తవ్వినకొద్దీ కింద రాయి ఇంకా కాలుతూనే తగిలింది. 2019 నవంబరులో ఆ రోడ్డు తెరిచారు.